అమ్మానాన్నలను ఈజిప్ట్ తీసుకెళ్తే తప్పేంటి?

అమ్మానాన్నలతో ఈజిప్ట్ వెళ్తున్నాం అని చెప్పిన రోజు నుంచి చుట్టాలందరిదీ ఒకటే పాట. ఈ వయసులో కాశీయో రామేశ్వరమో తిప్పాలి గానీ సమాధుల దగ్గరికి ఏంటి అని ఒకరు, అక్కడ వాళ్లకేం అర్థమవుతుంది అని ఇంకొకరు. వెళ్లొచ్చాక గట్టిగా చెప్తున్నా, ఆ గుళ్లు మనకంటే వాళ్లకే బాగా అర్థమవుతాయి.

ఎడ్ఫు ఊళ్లో హోరస్ దేవుడి గుడినే తీసుకోండి. టాలెమీ రాజులు క్రీ.పూ. 237లో మొదలుపెడితే క్రీ.పూ. 57కి గానీ పూర్తి కాలేదు. పెద్ద ముఖద్వారం దాటితే ఎండ పడే ప్రాంగణం, ఆ తర్వాత స్తంభాల మండపాలు, లోపలికి పోయేకొద్దీ నేల ఎత్తు పెరుగుతుంది, పైకప్పు కిందికి దిగుతుంది, వెలుతురు తగ్గిపోతుంది, చివర్లో ఒకే రాయితో చెక్కిన చిన్న మందిరం. గైడు నోరు తెరవకముందే అమ్మ "స్వామి ఉండేది ఇక్కడే కదా" అంది. రోజూ పొద్దున్నే పూజారి ఆ తలుపు తీసి, ధూపం వేసి, విగ్రహానికి బట్టలు మార్చి నైవేద్యం పెట్టేవాడని గైడు చెప్తుంటే, "సుప్రభాత సేవ అన్నమాట" అని నాన్నకు తనే వివరించడం మొదలుపెట్టింది. ఏ పుస్తకం చదవక్కర్లేదు, జన్మంతా గుళ్లకు వెళ్లిన మనిషికి ఇది తెలిసిన సంగతే.

పూర్వం ఉత్సవానికి కర్ణాక్ గుడి నుంచి అమున్ దేవుణ్ణి పడవ ఆకారంలో ఉన్న పల్లకీలో పూజారులు భుజాల మీద మోసుకుంటూ లక్సర్ గుడికి తెచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ లక్సర్ గుడిలోనే అబుల్ హగ్గాగ్ అనే సూఫీ సాధువు మసీదు ఉంది, ఆయన ఉత్సవంలో ఇప్పటికీ పడవలు ఊరేగిస్తారు. అమ్మ ఆ మసీదు గోడ వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది.

సమాధుల సంగతికొస్తే, శవాల చోటు కదా అని అమ్మకు మొదట్లో కాస్త టెన్షన్ ఉండింది. డెయిర్ ఎల్ మెదీనా, అంటే రాజుల సమాధులు తొలిచిన పనివాళ్ల ఊరు, అక్కడి చిన్న గుడిలో ఒక గోడ మీద త్రాసు, చనిపోయినవాడి గుండె తూచడం, పక్కన పక్షి తలతో థోత్ దేవుడు నిలబడి లెక్క రాసుకోవడం చెక్కి ఉంది. "చిత్రగుప్తుడే" అని ఆయన చేతిలోని కలం చూపించింది. ఇక ఆ టెన్షన్ మాట మళ్లీ ఎత్తలేదు.

నాన్న ఇరిగేషన్ శాఖలో రిటైరయ్యారు. అబూ సింబెల్‌లో అందరూ రామ్సెస్ విగ్రహాలతో ఫొటోలు దిగుతుంటే ఆయన రాళ్ల అతుకులు వెతుకుతున్నారు. అస్వాన్ హై డ్యామ్ నీళ్లలో మునిగిపోకుండా 1964 నుంచి 1968 వరకు ఆ కొండ గుడిని సగటున 20 టన్నుల ముక్కలుగా కోసి, 65 మీటర్ల పైకి తెచ్చి మళ్లీ పేర్చారు. మన నాగార్జునకొండ కట్టడాలనూ, అలంపురానికి తెచ్చిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్నీ తలుచుకుని ఆయన మాట్లాడుతుంటే వేరే టూరిస్టులు కూడా ఆగి విన్నారు.

నా కోపమంతా ప్యాకేజీల మీద. పెద్దవాళ్లు ఉన్నారని తెలిసీ గుడికి ముప్పావు గంట, అలబాస్టర్ రాతి వస్తువుల షాపుకి గంటన్నర! రాజుల లోయలో మామూలు టికెట్‌కు మూడు సమాధులే చూడనిస్తారు, అవేవో పెద్దవాళ్ల మోకాళ్లను బట్టి ఎంచుకోవాలని చెప్పినవాడు లేడు. మూడో తుత్మోస్ సమాధి నిటారు మెట్లు, ముందు పైకి ఎక్కి తర్వాత లోపలికి దిగాలి, వదిలేయండి. ఆరో రామ్సెస్ సమాధికి వేరే టికెట్ అయినా కొనండి, ఎక్కువగా వాలు దారే, పైకప్పు మీద నూట్ దేవత సాయంత్రం సూర్యుణ్ణి మింగి పొద్దున్నే మళ్లీ కనే బొమ్మ ఉంది. చలికాలంలోనే వెళ్లండి. మోకాళ్లు సహకరిస్తున్నప్పుడే వెళ్లండి, మన లీవులు కుదిరే దాకా వాళ్ల కాళ్లు ఆగవు. డబ్బు కట్టేముందే షాపులు వద్దు, ఎడ్ఫులో ఇంకో గంట కావాలి అని కాగితం మీద రాయించుకోండి.