సవరణ: ప్రీలోడ్ బిగిస్తే స్ప్రింగు గట్టిపడదు

పోయిన వారం రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు గురించి రాస్తూ, "వెనక షాక్ ప్రీలోడ్ బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుంది, కొత్తది కొనక్కర్లేదు" అన్నాను. అది తప్పు. మన్నించండి.

ప్రీలోడ్ అంటే షాక్ అబ్జార్బర్ మీది కాలర్ (రింగు) తిప్పి స్ప్రింగుని ముందే కాస్త నొక్కి ఉంచడం. అది బండిని కాస్త పైకి లేపుతుంది, అంతే. స్ప్రింగు గట్టిదనం తీగ మందం, చుట్టల లెక్క, చుట్ట వెడల్పు బట్టి ఉంటుంది. కాలర్ తిప్పితే మారదు.

తలకోన వైపు రాళ్ల బాటలో సామానుతో పోతే, చివరిదాకా బిగించినా వెనక దబదబా కొట్టుకుంది. ఇంటికొచ్చి ఇరుసు నించి టెయిల్ దాకా టేపు పెట్టి కొలిచా. వెనక ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందికీ కదిలే మొత్తం దూరం, 180 మి.మీ. మనిషి, సామాను ఎక్కాక అందులో సుమారు 30 శాతం, అంటే 54 మి.మీ. దిగాలి. అదైతే కుదిరింది. కానీ ఖాళీ బండి తన బరువుకి దిగింది మూడే మి.మీ.! కనీసం పదైనా దిగాలి. చూస్తే గట్టిగా ఉందనిపిస్తుంది గానీ, నిజానికి స్ప్రింగు మెత్తన. ఆ మెత్తదనాన్ని కప్పడానికి ప్రీలోడ్ అతిగా బిగించా కాబట్టే ఖాళీ బండి దిగలేదు. నేను పొరబడింది ఇక్కడే.

గట్టి స్ప్రింగు వేయించేవాళ్లు రీబౌండ్ డ్యాంపింగ్ (నొక్కుకున్న స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని తగ్గించే ఏర్పాటు) కూడా సరిచేయించుకోండి. లేదంటే గుంత దాటగానే సీటు ఎగరేసి తంతుంది.