బాటిల్‌నెక్‌పై ఏకసభ్య కమిషన్

గేము మంచి రసపట్టులో ఉండగా తెర ఒక్క క్షణం బిగుసుకుపోయింది. మళ్ళీ కదిలేసరికి నేను చచ్చిపోయి ఉన్నాను. ఇలాంటి ఘోరాలను తూతూమంత్రంగా వదిలేయకూడదని కంప్యూటర్‌లో మిగతావాటిని వెనక్కి లాగుతున్న భాగం, అంటే బాటిల్‌నెక్, ఏదో తేల్చడానికి అక్కడికక్కడే ఏకసభ్య విచారణ కమిషన్ వేశాను. సభ్యుణ్ణి నేనే, బాధితుణ్ణీ నేనే. ఖర్చు పెట్టుకోవాల్సింది కూడా నేనే కాబట్టి కమిషన్ పొదుపు మీద ఎవరికీ అనుమానం అక్కర్లేదు.

ముద్దాయి నా కంప్యూటర్. వివరాలు: 2017 నాటి రైజెన్ 5 1600 ప్రాసెసర్, బి350 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్‌లు రెండు, 2016లో మార్కెట్లోకి వచ్చిన జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మలు గీసేది). కొన్న కొత్తలో దీన్ని చూడ్డానికి స్నేహితులు వచ్చేవారు. ఇప్పుడు ఫ్యాన్ల మోత విని పక్కగదిలో వాళ్ళు వస్తున్నారు.

లోకరీతి ప్రకారం మొదటి నింద గ్రాఫిక్స్ కార్డు మీదే పడింది. తీరా గేము నడుస్తుండగా లెక్కలు తీస్తే అది 60 శాతం దగ్గర ఊగుతోంది. కార్డు 99 శాతం చూపిస్తుంటే ఒళ్ళు వంచి పనిచేస్తోందని, దాని శక్తి అంతేనని అర్థం. 60 చూపిస్తోందంటే పైనుంచి ఫైలు కదలక ఖాళీగా కూర్చుందన్నమాట. సరే, ఫైలు పంపాల్సిన ప్రాసెసర్‌ని పిలిపిద్దాం అంటే, టాస్క్ మేనేజర్‌లో అది 35 శాతం చూపిస్తూ అమాయకంగా నిలబడింది. ప్రాసెసర్ లోపల అసలు పని చేసే కోర్లను విడివిడిగా పిలిచి విచారిస్తే అసలు సంగతి బయటపడింది. ఆరింటిలో ఒకటి గాడిద చాకిరీ చేస్తుంటే మిగతావి హాజరుపట్టీలో సంతకాలు పెట్టి కబుర్లు చెప్పుకుంటున్నాయి. ఆ 35 వీటన్నిటి సగటు. నేను పనిచేసిన ప్రతి ఆఫీసులోనూ సగటు ఇలాగే వచ్చేది.

ఇక్కడ కమిషన్ ఒక సిద్ధాంతం ప్రతిపాదిస్తోంది: బాటిల్‌నెక్‌కు బదిలీలే తప్ప పదవీ విరమణ లేదు. కొత్త కార్డు కొన్నామనుకోండి, దానికి కావాల్సిన 8 పిన్నుల వైరు పాత పవర్ సప్లైకి ఉండదు. పవర్ సప్లై మారిస్తే కార్డు పొడుగై క్యాబినెట్‌లో హార్డ్ డిస్క్ అరకు తగులుతుంది. ఎలాగో ఇరికించాక ఈ కార్డుకు పాత ప్రాసెసర్ సరితూగదని తెలుస్తుంది. సరికొత్త రైజెన్ ప్రాసెసర్ అంటే ఏఎం5 అనే సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్న బోర్డు, ఆ బోర్డుకు డీడీఆర్5 తరం ర్యామ్ తప్ప ఇంకేదీ పట్టదు. బోర్డు మారిందని విండోస్ కొత్త లైసెన్సు అడగొచ్చు. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నవాడు నాకన్నా తెలివైనవాడు, కనీసం గుర్రం దగ్గర ఆగాడు. నా లెక్కలో పాత కంప్యూటర్ నుంచి మిగిలేవి క్యాబినెట్, అందులో దుమ్ము.

సెకండ్ హ్యాండ్ మార్కెట్‌నూ కమిషన్ పరిశీలించింది. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీని గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించి సంపాదించే మైనింగ్‌కు మంగళం పాడాక, రేయింబవళ్ళు తవ్వకాల్లో చెమటోడ్చిన కార్డులెన్నో ‘కొద్దిగా వాడినది’ అన్న బిరుదుతో అమ్మకానికి వచ్చాయి. అమ్మేవాళ్ళంతా ఆదివారాలే గేములు ఆడతారట. మంచి క్రమశిక్షణ.

రైజెన్ ప్రత్యర్థి ఇంటెల్ పక్షాన ఉన్న మిత్రులను చూస్తే నా కష్టం కష్టమే కాదు. 2015 నాటి స్కైలేక్ ప్రాసెసర్ల సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151. 2017లో వచ్చిన కాఫీ లేక్ ప్రాసెసర్ల సాకెట్ పేరూ అదే. కొత్త ప్రాసెసర్ పాత బోర్డులో చక్కగా కూర్చుంటుంది, కానీ పనిచేయదు, 300 సిరీస్ బోర్డే కావాలి. పేరూ ఇంటిపేరూ ఒకటే, మాటల్లేవంతే. ఆ మాటకొస్తే ఏఎం4 సాకెట్ ఉన్న నా బోర్డు నయం. బయోస్ (మెషీన్ ఆన్ కాగానే ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే 2020 నాటి రైజెన్ 5000 సిరీస్ దాకా రానిస్తుంది. కాకపోతే కొన్ని బోర్డుల్లో బయోస్ చిప్ చిన్నది, కొత్తవాళ్ళకు చోటివ్వాలంటే పాతవాళ్ళలో కొందర్ని ఖాళీ చేయించాల్సిందే. ఆ అప్‌డేట్ గీత నెమ్మదిగా పాకుతున్నంతసేపూ ఉండే టెన్షన్ పరీక్ష ఫలితాలకు కూడా ఉండదు. మధ్యలో కరెంటు పోతే బోర్డు తలుపుకు అడ్డం పెట్టుకోవడానికి పనికొస్తుంది.

పైసా ఖర్చు పెట్టేముందు స్థల పరిశీలన చేద్దామని కమిషన్ సైడ్ ప్యానెల్ విప్పింది. కూలర్ ఫ్యాన్ కింద దుమ్ము మందంగా పేరుకుని, కంబళి ముక్కలా ఒక్క పట్టున ఊడి చేతికొచ్చింది. ఇన్నేళ్ళూ నా ప్రాసెసర్ దుప్పటి కప్పుకుని పనిచేసిందన్నమాట. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసిన పాత పేస్టు ఎండి పట్టేసి ఉంటుంది కనుక, ముందు కాసేపు గేము ఆడి వేడెక్కించి, మెషీన్ ఆపి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలని పెద్దలు చెబుతారు. ఆ మాట నాకు ఎప్పటినుంచో తెలుసు. అయినా నేరుగా పైకి లాగాను. సాకెట్ లివర్ బిగించి ఉండగానే ప్రాసెసర్ కూడా కూలర్‌ను కరుచుకుని పైకి వచ్చేసింది. 1331 కాళ్ళున్న జీవి, మూలన రెండు కాళ్ళు వంగి, తలకిందులుగా నా చేతిలో వేలాడుతోంది. మైక్రో టిప్ పెన్సిల్‌లో ములుకు తీసేసి, ఆ ఖాళీ గొట్టంలోకి ఒక్కో పిన్నునూ దూర్చి నిలబెట్టాను. గంట పట్టింది. ఆ గంటలో కమిషన్ ఊపిరి పీల్చిన దాఖలాలు లేవు.

తర్వాత బయోస్‌లోకి వెళ్తే ఇంకో రహస్యం బయటపడింది. వేగం 3200 అని డబ్బా మీద చదివి మురిసి కొన్న ర్యామ్, కొన్న రోజు నుంచీ 2133 దగ్గరే నడుస్తోంది. ర్యామ్‌ను డబ్బా మీది వేగంతో నడిపే ఎక్స్ఎంపీ సెట్టింగ్ ఆన్ చేయాలని ఎవరూ చెప్పలేదు. అంటే డబ్బా మీద రాసి ఉంది, నేను చదవలేదు. రైజెన్‌లో కోర్ల మధ్య రాకపోకల వేగం ర్యామ్ వేగాన్ని బట్టే ఉంటుంది కనుక గాడిద చాకిరీ కేసులో అసలు దోషులు దుమ్ము, నేను. 3200 పెడితే మూడుసార్లు బూట్ కాలేదు. 2933 దగ్గర రాజీ కుదిరింది.

ఈలోగా మా మేనల్లుడు వచ్చి, ‘మామయ్యా, నీది 144 హెర్ట్జ్ మానిటర్ కదా, సెట్టింగ్స్‌లో 60 ఉందేంటి?’ అన్నాడు. బయటి వ్యక్తుల జోక్యంగా పరిగణించి ఆ వాంగ్మూలాన్ని రికార్డుల నుంచి తొలగించాను. వాడు వెళ్ళాక, తెర సెకనుకు 144 సార్లు మారేలా 144 పెట్టాను.

ఇప్పుడు గేము సాఫీగా నడుస్తోంది. కార్డు 99 శాతం చూపిస్తోంది, అంటే బదిలీ ఉత్తర్వులు అందాయి. ఈ కార్డుకు ఇక కొత్త గేముల డ్రైవర్లు రావట, అప్పుడప్పుడూ భద్రతా అప్‌డేట్లు మాత్రం పెన్షన్‌లా వస్తాయట. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగింది, విండోస్ 11 అర్హుల జాబితాలో మొదటితరం రైజెన్ పేరు లేదు. నిన్న డిస్కౌంట్లో కొన్న కొత్త గేము రే ట్రేసింగ్ (వెలుగునీడలను కిరణం కిరణంగా లెక్కగట్టే హంగు) లేని కార్డు మీద తెరుచుకోనే తెరుచుకోలేదు. సైడ్ ప్యానెల్ ఇంకా గోడకు ఆనించే ఉంది. కమిషన్ గడువు ఆరు నెలలు పొడిగించాను.