ప్రజల ఆర్కైవ్‌ను ప్రజల నుంచి కాపాడుకుందాం

కళాశాలకూ నగరానికీ మధ్య ఇన్నాళ్లూ ఒక ప్రహరీ గోడ మాత్రమే ఉండేది. ఆ రెంటినీ కలపడానికి ఇప్పుడు పాత కాగితాలు, ఫొటోలు భద్రపరిచే పబ్లిక్ ఆర్కైవ్ ఒకటి వస్తోంది కనుక, ఇకపై గోడకు తోడు ఒక కమిటీ, మూడు ఉపసంఘాలు, ఒక దరఖాస్తు ఫారమూ ఉంటాయి. ఊరి జ్ఞాపకాలను ఊరివాళ్ల దగ్గరే వదిలేస్తే ట్రంకు పెట్టెల్లో, అటకల మీద, ముసలివాళ్ల నోళ్లలో చెల్లాచెదురుగా పడి ఉంటాయి. కళాశాలకు చేరితే కనీసం తాళమైనా పడుతుంది.

ఈ పనికి శాస్త్రం లేకపోలేదు. ఒకరి కాగితాలను మరొకరి కాగితాలతో కలపరాదన్న సూత్రం ఫ్రాన్స్‌లో 1841లో స్థిరపడితే, వాటిని పుట్టించినవారు పెట్టుకున్న వరుసను చెదరగొట్టరాదన్న నియమాన్ని జర్మనీలోని అప్పటి ప్రష్యా రాజ్యం 1881లో పెట్టుకుంది. ఈ రెండో నియమాన్ని కళాశాలలు చదవకుండానే పాటిస్తున్నాయి. స్టోరు గదిలో మూటగట్టిన పాత రిజిస్టర్ల వరుసను చెదలు తప్ప మరెవరూ చెదరగొట్టిన దాఖలా లేదు.

వస్తువుల వివరాలు రాయడానికి 1995లో మొదలైన డబ్లిన్ కోర్ పద్ధతి ఉంది. అందులోని 15 అంశాల్లో ఏదీ తప్పనిసరి కాదు, దేన్నైనా ఎన్నిసార్లైనా నింపవచ్చు. ఇంత ఉదారమైన పద్ధతిని కమిటీ వదులుకోదు: ‘సహకర్త’ దగ్గర ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దలందరి పేర్లూ పడతాయి, ‘హక్కులు’ దగ్గర మాత్రం కళాశాల పేరు ఒక్కటే. ఇళ్లలోని ఫొటోలను స్కాన్ చేసుకుని అసలువి వారికే తిరిగి ఇచ్చే పద్ధతి కొందరు పాటిస్తారు గానీ, అది ప్రమాదకరం. ఫొటో తమ దగ్గరే ఉంటే దాని కథ చెప్పే హక్కు కూడా తమదేనని ఇంటివాళ్లు అనుకోవచ్చు.

ఒక వార్షికోత్సవపు గ్రూపు ఫొటో ఊహించుకోండి. అట్ట వెనక పెన్సిలుతో, ఎడమ నుంచి కుడికి, అధ్యాపకుల పేర్లు డిగ్రీలతో సహా రాసి ఉంటాయి. ఆ చివర, సగం మొహం అంచులో తెగిపోయి, గంట కొట్టే సుత్తి చేత్తో పట్టుకున్న మనిషికి వచ్చేసరికి ‘తదితరులు’ అని ఉంటుంది. ఉన్నది ఒక్కడే అయినా బహువచనమిచ్చి గౌరవించారు!

గోడ అవతలి వీధిలోనే ఉన్న ఆయన మనవరాలు ఆ పేరు చెబుదామని వస్తే, గేటు దగ్గర విద్యార్థివా, సిబ్బందివా, పూర్వ విద్యార్థివా అని అడుగుతారు. జీవితమంతా తరగతులు మొదలుపెట్టించినా, ఆ తాత ఏ తరగతిలోనూ చేరలేదు. ఆమె సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టి వెనక్కి వెళ్లిపోతుంది. ఆ పుస్తకాన్ని మాత్రం, కళాశాలకు నగరంతో ఉన్న అనుబంధానికి తొలి ఆధారంగా, ఆర్కైవ్‌లో భద్రపరుస్తారు.