మా బావమరిది విడుదల చేసిన ర్యాంకులు

మా బావమరిది ఈ ఏడాది కూడా ర్యాంకులు విడుదల చేశాడు. ఎంసెట్‌వి అనుకునేరు, రాక్ ఆల్బమ్‌లవి. డిసెంబరు నెలాఖరున కుటుంబం వాట్సాప్ గ్రూపులో, పెద్దమ్మగారి వైకుంఠ ఏకాదశి శుభాకాంక్షలకీ చిన్నమామగారి షుగర్ రిపోర్టుకీ మధ్యన "నా ఆల్‌టైమ్ టాప్ టెన్" అంటూ దిగింది. ఎవరూ అడగలేదు. అయినా ర్యాంకులు మనం అడిగితే వస్తాయా? టీవీలో ఒకాయన గుక్క తిప్పుకోకుండా "ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు" అని అరుస్తుంటే వింటూ పెరిగిన పిల్లాడు. వాడికి పెసరట్టు పెట్టినా ముందు నంబరు వేస్తాడు, తర్వాతే తుంచుతాడు.

జాబితా మీకు తెలిసిందే. మీ ఇంట్లోనూ ఇలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు. మొదటి ర్యాంకు ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్', 1973. రెండు, బీటిల్స్ వాళ్ళ 'యాబీ రోడ్'. మూడు, నిర్వాణ 'నెవర్‌మైండ్'. ఈ మూడూ పదేళ్ళుగా కదల్లేదు. ఏడో స్థానంలో మాత్రం ఏటా ఒక కొత్త బృందం వస్తుంది. దాని పేరు పలకాలంటే నోట్లో రెండు వక్కపలుకులు ఉండాలి. అది మనల్ని భయపెట్టడానికి.

ఈసారి రేడియోహెడ్ 'ఓకే కంప్యూటర్' నాలుగు నుంచి ఆరుకి దిగిపోయింది. ఎందుకు దించాల్సి వచ్చిందో బరువైన గొంతుతో పదకొండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాడు. 1997లో వచ్చిన రికార్డు ఈ సంవత్సరం కొత్తగా ఏం తప్పు చేసిందో నాకు తెలియలేదు. అయినా వాణ్ణొక్కణ్ణే అనడం ఎందుకు? రోలింగ్ స్టోన్ అనే అమెరికా సంగీత పత్రిక 2003లో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్'కి ఒకటో ర్యాంకు ఇచ్చి, 2020 వచ్చేసరికి 24కి తోసింది. రికార్డులో ఒక్క స్వరం మారలేదు. రీకౌంటింగ్ పెట్టించే దిక్కు కూడా లేదు పాపం.

ఇంతటితో ఆగితే నేనూ ఒక బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకునేవాణ్ణి. మొన్న ఆదివారం ఒకటో ర్యాంకుని మాకు వినిపిస్తానని ఇంటికి పిలిచాడు.

వెళ్ళేసరికి ఆ ఆల్బమ్ అట్ట మీది ముక్కోణం బొమ్మ టీషర్టు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. అలాంటిదే పాతది వంటింట్లో ఉంది, మా అత్తయ్య దాంతో కుక్కరు దింపుతుంది. రికార్డుని అంచులు మాత్రమే ముట్టుకుంటూ అట్టలోంచి తీశాడు. మెత్తటి గుడ్డతో తుడిచాడు. పుట్టి ముప్పై నాలుగేళ్ళయినా ఆ ఇంట్లో వాడు తుడిచిన మొదటి వస్తువు అదే. "180 గ్రాములు బావా" అన్నాడు. తులం పది గ్రాముల లెక్కన 18 తులాలు. అత్తయ్య ఒక్క క్షణం ఆశగా చూసింది. తర్వాత షరతులు చెప్పాడు. ఫోన్లు ఆపాలి. మాట్లాడకూడదు. ఫ్యాను చప్పుడు చేస్తోందని అదీ ఆపేశాడు. 43 నిమిషాలు!

ముల్లు పెట్టాడు. గుండె చప్పుడు మొదలైంది. "నీ బీపీ మిషనేనా?" అంది అత్తయ్య. వాడు కళ్ళు మూసుకుని చెయ్యెత్తాడు. గడియారాలన్నీ ఒక్కసారిగా గణగణ మోగాయి. అప్పుడే కుక్కరు మూడో కూత వేసింది. వాడు వంటింట్లోకి పరుగెత్తి స్టవ్ కట్టేసి వచ్చాడు. ఆ రోజు పప్పు ఉడకలేదని వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు వచ్చింది ఆ గొంతు. మాటలు లేవు. ఒక ఆడమనిషి, పియానో మీదుగా లేచి, విరిగి, మళ్ళీ లేచి. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తయ్య చేతులు ఆగిపోయాయి.

"ఎవర్రా ఆ పిల్ల? ఎవరు పోయార్రా దానికి?"

"అది ఏడుపు కాదమ్మా, ప్రోగ్రెసివ్ రాక్."

"పేరేంటి?"

ఈ ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో తొమ్మిది వందలకి పైగా వారాలు ఉందని వీడికి తెలుసు. రికార్డింగ్ ఇంజనీరు ఆలన్ పార్సన్స్ అని తెలుసు. బరువు గ్రాముల్లో తెలుసు. "ఎవరో సెషన్ సింగర్ అమ్మా. అలాంటివాళ్ళు వచ్చి పాడి పోతుంటారు" అన్నాడు.

పాడి పోతుంటారా! ఆవిడ పేరు క్లేర్ టోరీ. 1973 జనవరిలో ఒక ఆదివారం లండన్ యాబీ రోడ్ స్టూడియోకి రమ్మంటే వెళ్ళింది. పాతికేళ్ళ పిల్ల. సాహిత్యం ఇవ్వలేదు, పాడాల్సిన వరస ఇవ్వలేదు. చావు గురించిన పాట, నీకు తోచింది పాడమన్నారు. పాడింది. పాడి, మరీ అతి చేశానేమోనని ఆవిడే క్షమాపణ చెప్పుకుంది. చేతిలో పెట్టింది 30 పౌండ్లు. అదీ ఆదివారం కాబట్టి రెట్టింపు రేటు! తన గొంతు రికార్డులో ఉంచారని ఆవిడకి తెలిసింది షాపులో అట్ట మీద పేరు చూసుకున్నాకే. గాయని అని వేశారు సరే, ఆ పాట కట్టినవాళ్ళ దగ్గర మాత్రం ఆ బృందంలో కీబోర్డు వాయించిన రిచర్డ్ రైట్ పేరొక్కటే ఉంది, ముప్పై ఏళ్ళపాటు. వరస లేని చోట వరస పుట్టించిన మనిషికి అక్కడ చోటు లేదు. 2004లో కోర్టుకెక్కితే, 2005లో రాజీ అయ్యాక అప్పుడు ఎక్కింది ఆయన పక్కన ఈవిడ పేరు. మన సినిమా పాటల్లో "ఆ... ఆ..." అంటూ వెనక పాడిన ఆడవాళ్ళ పేర్లు పది చెప్పమంటే మనమూ నీళ్ళు నములుతాం, అది వేరే సిగ్గు. కానీ నువ్వు ర్యాంకులిచ్చేవాడివి కదరా! నీ ఒకటో నంబరుకి ప్రాణం పోసిన గొంతు ఎవరిదో తెలుసుకోకుండా ఏం కొలిచావు, ఏ త్రాసులో కొలిచావు?

ఇదంతా పైకి అనలేదు. మాట్లాడకూడదు గదా.

ఆవిడ పాటతో మొదటి వైపు అయిపోయింది. వాడు లేచి, రెండు చేతులతో రికార్డు తిప్పి, మళ్ళీ ముల్లు పెట్టాడు. రెండో వైపు మొదటి పాట డబ్బు గురించి. గల్లాపెట్టె తెరిచిన చప్పుడు, చిల్లర గలగల.

అత్తయ్య మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంది.

"ఆ పిల్లకి డబ్బులిస్తున్నట్టున్నార్రా. సరిగ్గా లెక్క చూసుకోమను."