నడుస్తున్న ఇంజన్‌కి బ్యాటరీ వైరు పీకమన్న మహానుభావుడికి

ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. "చిన్న ఫోర్ బై ఫోర్ ఉన్నవాళ్ళు తప్పక చదవండి, మెకానిక్‌లు దాచే ఐదు ఛార్జింగ్ రహస్యాలు." ఫోర్ బై ఫోర్ అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి. పంపేవాళ్ళంతా నా మంచి కోరేవాళ్ళే, అదే వచ్చిన చిక్కు. "ఎంత సింపులో చూశావా" అని పైన ఓ ముక్క చేర్చి మరీ పంపుతున్నారు. చూశాను. ఇక జవాబు చెప్పక తప్పదు.

మొదటి రహస్యం: మీటర్‌లో 14.4 వోల్టులు రాకపోతే ఆల్టర్నేటర్ పోయినట్టే, మార్చేయండి. (ఆల్టర్నేటర్ అంటే ఇంజన్ బెల్ట్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసేది.) ఈ 14.4 ఎక్కడ దొరికిందో తెలీదు. ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ని హద్దులో ఉంచే రెగ్యులేటరే వేడిని బట్టి దాన్ని తగ్గిస్తుంది. చలిలో స్టార్ట్ చేయగానే 14.6 చూపించిన బండే బానెట్ కింద వేడెక్కాక 13.8 చూపిస్తుంది. రెండూ సరైనవే. ఇక ఆల్టర్నేటర్ ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) చేతిలో ఉండే బళ్ళలో, బ్యాటరీ నిండుగా ఉంటే రోడ్డు మీద 12.8కి దిగడం, యాక్సిలరేటర్ వదలగానే 14.5 దాటడం మామూలే. అలాంటి బండికి ఈ సూత్రం పట్టుకుని ఆల్టర్నేటర్ మార్చారనుకోండి, కొత్తది కూడా అదే 12.8 చూపిస్తుంది. అప్పుడేం చేస్తారు, బండే మార్చేస్తారా? 15 దాటి అక్కడే తిష్ట వేస్తే మాత్రం అది రెగ్యులేటర్ రోగం. బ్యాటరీ ఉడికిపోతుంది, బల్బులు వరసగా మాడతాయి. మెసేజ్‌లో ఆ మాట లేదు.

రెండోది: డ్యాష్‌బోర్డులో బ్యాటరీ లైటు వెలగకపోతే ఛార్జింగ్ బాగున్నట్టే. కాదు. ఆల్టర్నేటర్ లోపల ఏసీ కరెంటుని డీసీగా మార్చే డయోడ్లలో ఒకటి పోయినా, బెల్ట్ కాస్త జారుతున్నా ఆ లైటు ఆరిపోయే ఉండొచ్చు. పైగా పాత మోడళ్ళలో ఆల్టర్నేటర్‌ని నిద్రలేపే కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడిందంటే లైటూ వెలగదు, ఐడిల్‌లో ఛార్జింగూ మొదలుకాదు. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకముందు ఆ లైటు వెలుగుతోందా అని చూడాలి. అసలు పరీక్ష అక్కడుంది.

మూడోది: పెద్ద ఆల్టర్నేటర్ పెడితే ఎక్కువ ఆంపియర్లు తోసి బ్యాటరీని కాల్చేస్తుంది. వోల్టేజ్ హద్దులో ఉన్నంతవరకు బ్యాటరీ తనకు కావలసినంతే తీసుకుంటుంది. పదండి ముందుకు.

నాలుగోది చూసే నాకు ఒళ్ళు మండింది. "ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. ఇంజన్ ఆగితే ఆల్టర్నేటర్ చెడినట్టు, ఆగకపోతే బాగున్నట్టు." ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే.

ఆల్టర్నేటర్ బలంగా ఛార్జ్ చేస్తున్న క్షణంలో బ్యాటరీని తప్పిస్తే, అప్పటిదాకా అందులోకి పోతున్న కరెంటుకి దారి మూసుకుపోతుంది. ఆల్టర్నేటర్‌లో తిరిగే రోటర్‌ని అయస్కాంతంగా మార్చే ఫీల్డ్ కరెంటుని రెగ్యులేటర్ వెంటనే ఆపినా, రోటర్‌లో ఉన్న అయస్కాంత బలం అంత తొందరగా చావదు. ఆ కాస్త వ్యవధిలో వోల్టేజ్ ఆకాశానికి లేస్తుంది. దీన్నే లోడ్ డంప్ అంటారు. 12 వోల్టుల బళ్ళ కోసం అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 16750-2 లోడ్ డంప్ పరీక్షకి పెట్టిన గరిష్ఠ వోల్టేజ్ 79 నుంచి 101 వోల్టులు, వ్యవధి 40 నుంచి 400 మిల్లీసెకన్లు. చాలా ఆల్టర్నేటర్లలో దీన్ని 35 వోల్టుల దగ్గర ఆపే డయోడ్లు ఉంటాయి, నిజమే. మీ బండిలో ఉన్నాయో లేదో టెర్మినల్ పీకి తెలుసుకుంటారా? ఈసీయూ పోతే ఆ ఖర్చు ఫార్వర్డ్ చేసినవాడు పెట్టుకుంటాడా?

ఇంత తెగించి చేసినా వచ్చే జవాబు నమ్మదగిందా అంటే, అదీ లేదు. ఒక డయోడ్ పోయిన ఆల్టర్నేటర్ కూడా ఇంజన్‌ని హాయిగా నడిపేస్తుంది, "బాగుంది" అని ఇంటికెళ్తారు. మంచి ఆల్టర్నేటర్ ఉన్న ఇంజన్ కూడా బ్యాటరీ ఆసరా పోగానే ఐడిల్‌లో ఆగిపోవచ్చు, "పోయింది" అని కొత్తది కొంటారు. బొమ్మా బొరుసూ వేసుకున్నా ఇంతే, అందులో కనీసం ఈసీయూ మిగులుతుంది.

మల్టీమీటర్ చేతిలో ఉంటే ఈ సాహసాలేవీ అక్కర్లేదు. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, ఇంజన్‌ని 2000 ఆర్‌పీఎం దగ్గర ఉంచండి. ఒక మొన ఆల్టర్నేటర్ బీ టెర్మినల్ (కరెంటు బయటికొచ్చే లావు వైరు బిగించిన చోటు) నట్టు మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ మీద. 0.2 వోల్టుల లోపు రావాలి, ఇది దారిలో పోయే నష్టం. తర్వాత ఆల్టర్నేటర్ బాడీకి, బ్యాటరీ నెగటివ్‌కి మధ్య కూడా అలాగే. చిన్న ఫోర్ బై ఫోర్‌లలో కథంతా ఈ రెండో కొలతలోనే ఉంటుంది. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి కరెంటు తిరిగి రావడానికి ఇంజన్‌ని బండి బాడీకి కలిపే అల్లిక తీగ, అదే ఎర్త్ పట్టీ, ఒక్కటే దారి. గుంతల్లో ఇంజన్ ఊగిన ప్రతిసారీ ఆ పట్టీ కూడా ఊగుతుంది, వాగు దాటితే తడుస్తుంది, బురద ఎండి పేరుకుంటుంది.

ఒక మిత్రుడి బండిలో బ్యాటరీ దగ్గర 13.1 దాటేది కాదు. ఆల్టర్నేటర్ మార్చినా అదే 13.1. కొలిస్తే ఆల్టర్నేటర్ దగ్గర 14.3 ఉంది, పాజిటివ్ వైపు నష్టం 0.1, మిగతా 1.1 వోల్టులు ఎర్త్ వైపు గల్లంతు. పట్టీ పైకి భేషుగ్గా కనిపించింది. బోల్టు విప్పితే లగ్ (పట్టీ చివర బోల్టుకి తగిలించే రింగు) కింద ఆకుపచ్చ పొడి, అల్లిక తీగల్లో సగం తెగిపోయి ఉన్నాయి. కొత్త పట్టీ వేసి, రంగు గీకి బిగించాడు. తీసేసిన ఆల్టర్నేటర్ నిక్షేపంగా ఉంది, ఇంట్లో అటక మీద.

డయోడ్ల మీద అనుమానముంటే ఇంజన్ నడుస్తుండగా మీటర్‌ని ఏసీ వోల్టులకు తిప్పి బ్యాటరీ మీదే చూడండి. 0.5 దాటితే అనుమానం నిజమే. రాత్రి ఆపిన బండి పొద్దున సెల్ఫ్ కొట్టకపోతే కూడా షార్టయిన డయోడ్ ఒకటి బ్యాటరీని తాగేస్తోందేమో చూసుకోవాలి.

ఐదో రహస్యం: బెల్ట్ కీచుమంటే నీళ్ళు చల్లి వినండి. దీన్ని చదివి నవ్వబోయి ఆగాను, ఎందుకంటే ఇది సరైన మాట. గాడులున్న బెల్ట్ లోపలివైపు కొంచెం నీళ్ళు చల్లితే, శబ్దం కాసేపు ఆగి మళ్ళీ వస్తే పుల్లీలు ఒకే వరసలో లేవని, ఇంకా పెరిగితే బెల్ట్ వదులై జారుతోందని అర్థం. ఐదింటిలో ఒకటి ఎవరో పని తెలిసినవాళ్ళు రాసినట్టుంది. వేళ్ళు, చొక్కా చేతులు తిరిగే బెల్ట్‌కి దూరంగా ఉంచమని మాత్రం రాయలేదు. ఆ మాట నేను కలుపుతున్నాను.

ఇకమీదట "బండి ఛార్జ్ అవ్వట్లేదు" అని నాకు రాసేవాళ్ళు ఆ మెసేజ్ జతచేయకండి. రాత్రంతా ఆపి ఉంచాక బ్యాటరీ వోల్టేజ్, ఐడిల్‌లో ఎంత, లైట్లు వేసి 2000 దగ్గర ఎంత, పైన చెప్పిన రెండు నష్టాలూ ఎంతెంత, ఇవి పంపండి. టెర్మినల్ ఇప్పటికే పీకేసి ఉంటే అది కూడా ముందే చెప్పండి, ఈసీయూ నుంచి మొదలుపెడదాం.