పర్మిట్ వచ్చింది సరే, తుపాకీ పట్టడం వచ్చిందా?

టెక్సస్‌లోని డాలస్ చుట్టుపక్కల గ్యాస్ స్టేషన్లు, లిక్కర్ స్టోర్లు నడిపే మనవాళ్లు ఎక్కడ కలిసినా ఈ మధ్య ఒక ప్రశ్న తప్పక వస్తోంది. "అన్నా, గన్ తీసుకుందామనుకుంటున్నా. మంచి క్లాసు ఏదైనా తెలుసా?" రాత్రి పదకొండింటికి ఒంటరిగా షాపు మూసి, క్యాష్ సంచీతో కారు దాకా నడిచే మనిషి టెన్షన్ నాకు తెలుసు. అందుకే కొనాలా వద్దా అన్న చర్చలోకి ఇక్కడ వెళ్లను. కొనాలని నిర్ణయించుకున్నవాళ్లు ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకోవాలన్నదే నా బాధ. తుపాకీ వెంట పెట్టుకునే పర్మిట్ కోసం పెట్టే క్లాసు వేరు, ఆపదలో పనికొచ్చే శిక్షణ వేరు. మనవాళ్లు చాలామంది మొదటిదానితోనే ఆగిపోతున్నారు.

క్లాసు వెతికే ముందు వీసా సంగతి చూసుకోవాలి. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకు వీసా అడ్డు లేదు. ఎఫ్1, హెచ్1బీ, హెచ్4, విజిటర్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. "కొంటేనే కదా తప్పు, షూటింగ్ రేంజ్‌లో అద్దె తుపాకీ కాసేపు పట్టుకుంటే ఏమవుతుంది" అనుకుంటారు. 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన రెహైఫ్ కేసు ఫ్లోరిడాలోని ఒక రేంజ్‌లో మొదలైంది. స్టూడెంట్ వీసా మీద వచ్చి, యూనివర్సిటీ తీసేయడంతో స్టేటస్ (అమెరికాలో ఉండే చట్టబద్ధ అనుమతి) పోయిన యువకుడు అక్కడ కాల్చి చూశాడు. కింది కోర్టు 18 నెలల జైలు వేసింది. తన స్టేటస్ సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాల్సిందేనని సుప్రీంకోర్టు అనడంతో ఆ తీర్పు నిలవలేదు. కానీ అక్కడిదాకా వెళ్లేసరికి ఆ మనిషి జీవితం ఏమై ఉంటుంది! ఇండియా నుంచి వచ్చిన నాన్నను సరదాగా రేంజ్‌కి తీసుకెళ్లి, చేతిలో పిస్టల్ పెట్టి ఫొటోలు తీసే కొడుకులు ముందు ఒక లాయరుతో మాట్లాడాలి.

ఇక పర్మిట్ విషయం. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి, తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లు పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు. అయినా లైసెన్సు కావాలంటే నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, ఒక రాత పరీక్ష, ఆపైన 50 తూటాల షూటింగ్ పరీక్ష ఉంటాయి. మూడు, ఏడు, పదిహేను గజాల దూరం నుంచి కాల్చి, 250కి 175 పాయింట్లు తెచ్చుకుంటే చాలు. కాగితం బొమ్మ కదలదు, మీదికి రాదు, దాని వెనకాల పాల డబ్బా పట్టుకున్న కస్టమర్ ఉండడు. కాలిఫోర్నియా 16 గంటలు అడుగుతుంది. న్యూయార్క్ ఆ 16 గంటల మీద మరో రెండు గంటలు కాల్పుల శిక్షణ కూడా ఉండాలంటుంది. ఇవన్నీ రాష్ట్రం పెట్టిన కనీస హద్దులు. అంతకంటే ఎక్కువ నేర్చుకోవాల్సిన బాధ్యత మనదే.

మనలో చాలామందికి ఊళ్లో తుపాకీ అంటే బ్యాంకు గార్డు భుజాన వేలాడేది, లేదంటే ఎన్‌సీసీలో కాల్చిన పాయింట్ టూటూ రైఫిల్. చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగినవాళ్లకు చేతికి వచ్చిన జాగ్రత్త మనకు లేదు. 2024 నవంబరులో అట్లాంటాలో, పుట్టినరోజు నాడే, కొత్త తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి హైదరాబాద్ కుర్రాడు చనిపోయాడన్న వార్త చదివాక నాకు చాలా రోజులు మనసు మనసులో లేదు. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసేస్తే తుపాకీ ఖాళీ అయిపోయిందనుకోవడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. గొట్టం మొదట్లోని చాంబర్‌లో ఒక తూటా మిగిలే ఉండవచ్చు. దాన్ని కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే ఖాళీ అనాలి. ఆరిజోనాలో 1976లో గన్‌సైట్ శిక్షణ కేంద్రం పెట్టిన జెఫ్ కూపర్ నాలుగు సూత్రాలు ప్రచారంలోకి తెచ్చాడు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో. నాశనం చేయదలచుకోని దేని వైపూ గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. ఎదుట ఏముందో, దాని వెనక ఏముందో తెలుసుకో. ఈ నాలుగూ చెప్పని క్లాసు ఉండదు. చెప్పే మనిషే పాటిస్తున్నాడా అన్నది చూడాలి.

నేను వెళ్లిన మొదటి క్లాసులో ఇరవై మందికి ఒక్కడే ఇన్‌స్ట్రక్టర్. మాట్లాడుతూ మాట్లాడుతూ చేతిలో పిస్టల్‌ను మా అందరి మీదుగా తిప్పాడు. ఎవరో ఉలిక్కిపడితే "ఖాళీదేలే" అన్నాడు. ఆ క్షణాన లేచి వెళ్లిపోవాల్సింది. మొహమాటపడి సాయంత్రం దాకా కూర్చున్నాను. మీరు ఆ పని చేయకండి, డబ్బు పోతే పోయింది.

స్పెషల్ ఫోర్సెస్‌లో చేశాడనో, పోలీసుల స్వాట్ టీంలో (ప్రత్యేక దళంలో) ఉన్నాడనో మనిషిని ఎంచుకోవడం కూడా సరికాదు. అపాయం ఉన్న గదిలోకి దూసుకెళ్లడం వాళ్ల ఉద్యోగం. ఆ గదిలోంచి బయటపడటం మన అవసరం. ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) సర్టిఫికెట్ ఉందంటే సాధారణంగా ఒక వారాంతం కోర్సు పూర్తి చేశాడని అర్థం, అంతకుమించి కాదు. ముందుగా ఫోన్ చేసి అడగండి. కాల్చే లైనులో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది? ఎవరికైనా తూటా తగిలితే ఏం చేస్తారు, రక్తం ఆపే టూర్నికే దగ్గర ఉందా? ఒకసారి వచ్చి క్లాసు చూడొచ్చా? విసుక్కున్నాడంటే ఇంకొకరిని చూసుకోండి.

తుపాకీ కొనకముందే క్లాసుకు వెళ్లడం మేలు. చాలా రేంజ్‌లలో అద్దెకు ఇస్తారు. ఆడవాళ్లకు చిన్నది తేలిగ్గా ఉంటుందని భర్తలు బుల్లి పిస్టల్ కొనేస్తారు. తేలికైన తుపాకీయే చేతిని గట్టిగా వెనక్కి తంతుంది. రెండుసార్లు కాల్చి, భయపడి, బీరువాలో పడేస్తారు. ఇంట్లో పిల్లలు ఉంటే ఆ బీరువా ఇంకో సమస్య. 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందేలా తూటాలున్న తుపాకీ వదిలేయడం టెక్సస్‌లో నేరం. సేఫ్ ఎక్కడ పెట్టాలో, తాళం ఎవరికి తెలియాలో మాట్లాడని క్లాసు నా దృష్టిలో సగం క్లాసే.

కొత్తవాళ్లు కొట్టిపారేసేదీ, నేను అన్నిటికంటే ముందు పెట్టేదీ చట్టం పాఠం. తుపాకీ శిక్షకుడు మసాద్ అయూబ్ 1981 నుంచి సామాన్యులకు ఇదే నేర్పుతున్నాడు. ఎప్పుడు కాల్చవచ్చు, కాల్చాక పోలీసులతో ఏం మాట్లాడాలి, కోర్టులో ఏం ఎదురవుతుంది అన్నది. ఆస్తి కోసం ప్రాణం తీయడానికి టెక్సస్ చట్టం కొన్ని సందర్భాల్లో చోటిస్తుంది. చాలా రాష్ట్రాల్లో అదీ లేదు.

నా రెండో క్లాసులో మొదటి రెండు గంటలు ఒక్క తూటా కూడా ఇవ్వలేదు. టీచర్ నన్ను నిలబెట్టి, "దొంగ సిగరెట్ కార్టన్ లాక్కుని తలుపు వైపు పరిగెడుతున్నాడు, ఏం చేస్తావ్?" అన్నాడు. నా చెయ్యి నడుము మీదున్న, తుపాకీ పెట్టుకునే ఖాళీ హోల్‌స్టర్ దగ్గరికి వెళ్లింది. ఆయన ఆ చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. "వాణ్ని పోనీ. తలుపు తాళం వెయ్యి. 911కి ఫోన్ చెయ్యి. ఇప్పుడు ఇంకోసారి చేసి చూపించు."