కార్లోస్ లీ ఒప్పందం దండగ కాదు

అమెరికా బేస్‌బాల్‌లో దండగమారి ఒప్పందాల మాట వస్తే పనామా ఆటగాడు కార్లోస్ లీ పేరు తరచూ వినిపిస్తుంది. 2006 చివర్లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ ఆరేళ్లకు అతనికిచ్చిన 10 కోట్ల డాలర్లు బూడిదలో పోసిన పన్నీరట. అతను గుడ్డిగా బ్యాటు ఊపే బద్ధకస్తుడట. జట్టు కుప్పకూలడానికీ అతనే కారణమట. ఈ నిందలు అన్యాయమైనవి.

డబ్బు సంగతి ముందు చూద్దాం. 2007లో 162 మ్యాచ్‌లూ ఆడి 32 హోమ్‌రన్లు (క్రికెట్ సిక్సర్‌లా బంతిని మైదానం దాటించే దెబ్బలు) కొట్టాడు, జట్టుకు 119 పరుగులు తెచ్చిపెట్టాడు. మరుసటి ఏడాది వేలు విరిగి 115 మ్యాచ్‌లే ఆడినా 28 హోమ్‌రన్లు, 100 పరుగులు. 2009లో 26, 102. ఈ మూడేళ్లలో బ్యాటింగ్ సగటు, అంటే బ్యాటు పట్టిన సార్లలో హిట్ కొట్టి బేసు చేరిన వంతు, మేటి ఆటగాళ్ల స్థాయి అయిన .300కు తగ్గలేదు. 2010లో అది .246కు పడిపోయిన మాట నిజమే. అంతమాత్రాన ముందు మూడేళ్లూ లేకుండా పోతాయా?

గుడ్డిగా ఊపుతాడన్న మాట నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. బలంగా కొట్టేవాళ్లు ఏడాదికి వందకు పైగా స్ట్రయిక్‌అవుట్ కావడం, అంటే మూడు మంచి బంతులు వదిలేసో తప్పిపోయో అవుటవడం, మామూలే. లీ 14 సీజన్లు ఆడాడు, ఒక్క సీజన్‌లోనూ వంద దాటలేదు. 32 హోమ్‌రన్లు కొట్టిన 2007లో 63 సార్లే అలా అవుటయ్యాడు. అంత బలమూ అంత చూపూ ఒకే మనిషిలో కలిసి ఉండటం అరుదు.

మైదానంలో ఎడమవైపు దూరంగా ఉండే లెఫ్ట్‌ఫీల్డ్‌లో అతని కాళ్లు నెమ్మదించాయి, ఒప్పుకుంటాను. కానీ మొత్తం మీద 125 బేసులు దొంగిలించినవాణ్ణి, అంటే బంతి వేసే అదను చూసి తర్వాతి బేసుకు పరుగెత్తి చేరినవాణ్ణి, బద్ధకస్తుడని ఎలా అంటారు?

ఇక జట్టు పతనం. లీని తీసుకున్నందుకు 2007 డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, హ్యూస్టన్ తన మొదటి రౌండు అవకాశాన్ని అతని పాత జట్టు టెక్సస్ రేంజర్స్‌కు వదులుకుంది. అది నిజమైన నష్టమే. అయితే అదే డ్రాఫ్టులో మూడో, నాలుగో రౌండ్లలో ఎంచుకున్న కుర్రాళ్లతో యాజమాన్యం ఒప్పందమే కుదుర్చుకోలేకపోయింది. కొత్త తరాన్ని తయారు చేసుకోని జట్టు 2011లో 106 మ్యాచ్‌లు ఓడితే, ఆ ఏడాది కూడా 94 పరుగులు తెచ్చినవాడి మీద నెపం వేయడమేమిటి?

మూడు బేసులూ నిండి ఉండగా కొట్టే హోమ్‌రన్‌ను గ్రాండ్‌స్లామ్ అంటారు. అగ్వాదుల్సేలో పుట్టిన ఈ లీ అవి 17 కొట్టాడు, సరిగ్గా పాతతరం దిగ్గజం టెడ్ విలియమ్స్ కొట్టినన్ని. వాటిలో ఒకటి 2007 జూన్ 28న, సహచరుడు క్రెయిగ్ బిజియో 3000వ హిట్ సాధించిన రాత్రి, 11వ ఇన్నింగ్స్‌లో వచ్చింది. ఆ దెబ్బతోనే హ్యూస్టన్ గెలిచింది.